ఓమ్ నియమాన్ని సరిచూడటం ఎలా: ఒక నిరోధకం, నాలుగు సెల్‌లు, రెండు మీటర్లు

మనవైపు 'కరెంటు' అన్న మాట అన్నిటికీ సరిపోతుంది. కరెంటు పోయింది, కరెంటు కొట్టింది, కరెంటు తక్కువొస్తోంది, మోటారు ఎత్తుకోవడం లేదు. ఈ ప్రయోగం చేసేటప్పుడు మాత్రం ఆ ఒక్క మాటను రెండుగా విడదీసుకోవాలి. ఓల్టేజి అంటే రెండు బిందువుల మధ్య ఉండే తేడా. పాఠంలో దాన్నే పొటెన్షియల్ భేదం అంటారు. కరెంటు అంటే తీగలో పారేది. ఓల్టేజి కొలవడానికి తీగను ఎక్కడా తెంపక్కర్లేదు, మీటరు వైర్లను నిరోధకం (కరెంటు పారకానికి అడ్డుపడే చిన్న పుర్జా; అది అడ్డే మోతాదే నిరోధం, దాన్ని ఓమ్‌లలో చెబుతారు) రెండు కొసలకూ తాకిస్తే చాలు. కరెంటు కొలవాలంటే మాత్రం దారిని ఒకచోట తెంపి, ఆ ఖాళీలో మీటరును కూర్చోబెట్టాలి, పారేదంతా మీటరులోంచే పోవాలి. ఈ ఒక్క తేడా చేతికి అలవాటైతే మీటర్లు పాడవడం చాలావరకు ఆగిపోతుంది.

ఇంకో సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి. రికార్డు పుస్తకాల్లో సాధారణంగా ఒక పట్టిక, దాని కింద 'సగటు నిరోధం ఇంత' అనే ముగింపు కనిపిస్తాయి. అది నిరోధాన్ని కొలవడమే, నియమాన్ని సరిచూడటం కాదు. ఉష్ణోగ్రత మారనంతవరకు, ఓల్టేజిని ఎంత రెట్లు పెంచితే కరెంటు కూడా అన్నే రెట్లు పెరుగుతుందని నియమం చెబుతుంది. అంటే చూడవలసింది ఓల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చే భాగఫలం విలువను కాదు, అది మారకుండా నిలబడుతోందా లేదా అన్నదాన్ని. అందుకే ఇక్కడ చివర్లో, ఆ భాగఫలం నిలబడని వస్తువులతో కూడా ఇదే ప్రయోగం చేయిస్తున్నాం. అది చేయకుండా ప్రయోగం పూర్తయిందనుకోవద్దు.

కావలసినవి

330 ఓమ్‌ల పావు వాట్ నిరోధకాలు రెండు. పెన్సిల్ సెల్‌లు నాలుగు, ఆల్కలైన్‌వైతే మేలు. నాలుగు సెల్‌లు పట్టే ప్లాస్టిక్ హోల్డరు ఒకటి. రెండు కొసలా క్రొకడైల్ క్లిప్పులున్న వైర్లు ఆరు. చవకరకం డిజిటల్ మల్టీమీటర్లు (మీట తిప్పి ఓల్టేజిని గానీ కరెంటును గానీ కొలిచేవి) రెండు. ఒక చిన్న స్విచ్, ఒక గ్రాఫు కాగితం, స్కేలు. నియమానికి లొంగనివాటి కోసం ఎర్ర ఎల్ఈడీ ఒకటి, బైకు ఇండికేటరులో వేసే 12 ఓల్టుల 10 వాట్ల బల్బు ఒకటి.

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా టీవీ, ఆంప్లిఫయర్ రిపేరు సామాన్లు అమ్మే అంగట్లో బల్బు తప్ప మిగతావి దొరుకుతాయి. బల్బుకు బైకు స్పేర్ల అంగడికి వెళ్ళాలి. అంగట్లో 'నిరోధకం' అంటే అర్థం కాకపోవచ్చు, 'రెసిస్టర్, త్రీ థర్టీ ఓమ్స్, క్వార్టర్ వాట్' అని అడగండి. ఇచ్చినవాటి మీద చారలు చూసుకోండి: నారింజ, నారింజ, గోధుమ, చివర బంగారు రంగు. ఆ బంగారు చార 5 శాతం అటూఇటూ ఉండవచ్చని చెబుతుంది. అంటే మీ నిరోధకం 313.5 నుంచి 346.5 ఓమ్‌ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మీకు 322 వచ్చి పక్కవాళ్ళకు 336 వస్తే ఇద్దరిదీ సరైనదే కావచ్చు.

330 ఓమ్‌లే ఎందుకంటే, నాలుగు సెల్‌ల 6 ఓల్టులకు దీనిలో దాదాపు 18 మిల్లీ ఆంపియర్లు పారతాయి. చవక మల్టీమీటరులో 20 మిల్లీ ఆంపియర్ల స్థానం 19.99 వరకు చూపుతుంది కాబట్టి రీడింగులన్నీ ఒకే స్థానంలో సరిపోతాయి. 220 ఓమ్‌లది తీసుకుంటే మూడో సెల్ దగ్గరే 20 దాటి, తెర మీద ఎడమపక్క ఒంటరిగా '1' కనబడుతుంది. చాలామంది దాన్ని రీడింగనుకుని రాసేస్తారు, నిజానికి అది 'నా హద్దు దాటింది' అని మీటరు చెప్పడం. 100 ఓమ్‌లది అయితే 6 ఓల్టుల దగ్గర 0.36 వాట్ల వేడి పుడుతుంది. పావు వాట్ నిరోధకం అంత తట్టుకోదు, వేలు పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు ఉష్ణోగ్రత మారకూడదన్న షరతే పోతుంది. 330 ఓమ్‌ల దానిలో అదే 6 ఓల్టులకు పుట్టేది 0.11 వాట్లే.

ఇంట్లో గోడ ప్లగ్గును ఈ ప్రయోగానికి ఏ రూపంలోనూ వాడకండి. ఇన్వర్టరు బ్యాటరీ, బైకు బ్యాటరీ కూడా వద్దు. రెండు క్లిప్పులు పొరపాటున తగిలితే పెన్సిల్ సెల్ వేడెక్కి ఊరుకుంటుంది, లెడ్ యాసిడ్ బ్యాటరీ మాత్రం వందల ఆంపియర్లు వదిలి వైరును ఎర్రగా కాలుస్తుంది.

కలిపే వరుస

మల్టీమీటర్లలో ఒకదాన్ని ఓల్టుమీటరుగా, రెండోదాన్ని అమ్మీటరుగా, అంటే కరెంటు కొలిచేదిగా కేటాయించి, పైన చిన్న చీటీలు అంటించండి. మధ్యలో మార్చుకోవద్దు. రెండింటిలోనూ నల్ల వైరు 'కామ్' అని ఉన్న రంధ్రంలో, ఎర్ర వైరు ఓల్టు, ఓమ్, మిల్లీ ఆంపియర్ గుర్తులు కలిసి ఉన్న రంధ్రంలో ఉండాలి. 10 ఆంపియర్ల రంధ్రం ఇప్పుడు వద్దు.

1. ఓల్టుమీటరు మీట డీసీ 20 ఓల్టుల దగ్గర, అమ్మీటరు మీట డీసీ 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర పెట్టండి. ఏసీ గుర్తు పక్కనున్న వంకర గీతవైపు తిప్పితే రీడింగ్ పనికిరాదు.

2. స్విచ్ ఆపి ఉంచండి. హోల్డరు ఎర్ర వైరు నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి అమ్మీటరు ఎర్ర వైరుకు, అమ్మీటరు నల్ల వైరు నుంచి నిరోధకం ఒక కొసకు కలపండి.

3. నిరోధకం రెండో కొస నుంచి ఒక వైరు తెచ్చి, దాని క్లిప్పును హోల్డరులో మొదటి సెల్ రుణధ్రువం తాకే స్ప్రింగుకు పట్టించండి. ఈ క్లిప్పును జరుపుతూ పోతే ఒకటి, రెండు, మూడు, నాలుగు సెల్‌ల ఓల్టేజి వరుసగా వస్తుంది. హోల్డరులో సెల్‌లు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి కాబట్టి క్లిప్పు కూడా ఒకసారి ఈ కొసకు, ఒకసారి ఆ కొసకు మారుతుంది. ఎర్ర వైరు తగిలి ఉన్న సెల్ నుంచే లెక్క మొదలుపెట్టాలి.

4. ఇప్పటివరకు తయారైనది ఒకే దారి. వేలు పెట్టి హోల్డరు నుంచి బయలుదేరి, కొమ్మలేవీ లేకుండా మళ్ళీ హోల్డరుకే రాగలిగితే సరిగా కలిపినట్టు.

5. ఓల్టుమీటరును చిట్టచివర కలపండి. దాని రెండు వైర్లూ నిరోధకం కాళ్ళకే, వీలైనంత దగ్గరగా పట్టించాలి. సెల్‌ల దగ్గర పెట్టవద్దు.

6. స్విచ్ వేయండి, రెండు తెరలూ నిలకడగా కాగానే రాసుకోండి, స్విచ్ ఆపండి. రెండు మూడు సెకన్లు చాలు.

అమ్మీటరు నిరోధకానికి ముందున్నా వెనకున్నా రీడింగ్ మారదు. నమ్మకం కుదరకపోతే ఒకసారి మార్చి చూడండి, ఒక నిమిషం పని. తెర మీద '−' గుర్తు వస్తే ఎర్ర, నల్ల వైర్లు తారుమారయ్యాయని అర్థం. డిజిటల్ మీటరుకు దానివల్ల నష్టమేమీ లేదు. ముల్లు మీటరైతే ముల్లు సున్నాకు కిందికి కొట్టుకుని వంగిపోతుంది, కాబట్టి వాటితో జాగ్రత్త.

ఎలాంటి అంకెలు రావాలి

కొత్త ఆల్కలైన్ సెల్ 1.5 అని రాసి ఉన్నా దాదాపు 1.58 ఓల్టులు ఇస్తుంది. అలాంటి సెల్‌లు, సరిగ్గా 330 ఓమ్‌ల నిరోధకం ఉంటే లెక్క ప్రకారం రావలసినవి ఇవి:

ఒక సెల్: 1.53 ఓల్టులు, 4.64 మిల్లీ ఆంపియర్లు
రెండు సెల్‌లు: 3.06 ఓల్టులు, 9.28 మిల్లీ ఆంపియర్లు
మూడు సెల్‌లు: 4.59 ఓల్టులు, 13.90 మిల్లీ ఆంపియర్లు
నాలుగు సెల్‌లు: 6.11 ఓల్టులు, 18.52 మిల్లీ ఆంపియర్లు

సెల్ 1.58 ఇస్తుంటే నిరోధకం దగ్గర 1.53 మాత్రమే ఉండటం చూశారా? మిగతాది అమ్మీటరు తినేసింది. 20 మిల్లీ ఆంపియర్ల స్థానంలో ఈ రకం మీటరు లోపల సుమారు 10 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. సెల్ లోపల కూడా కొద్దిగా ఉంటుంది. ఓల్టుమీటరును సెల్‌ల దగ్గర కాకుండా నిరోధకం కాళ్ళ దగ్గరే పెట్టమన్నది ఇందుకే. సెల్ మీద అచ్చువేసిన 1.5, 3, 4.5, 6లను చూసి పట్టిక నింపేస్తే అది ప్రయోగమే కాదు.

ఒక్కో వరుసలో ఓల్టులను మిల్లీ ఆంపియర్లతో భాగించి 1000తో గుణించండి. నాలుగుసార్లూ 330కి అటూఇటూ ఒకే అంకె రావాలి. 1000తో గుణించడం మరచిపోతే 0.33 ఓమ్‌లు వస్తుంది. అంత తక్కువ నిరోధం ఉండాలంటే అది జానెడు సన్నని తీగ ముక్కై ఉండాలి, కాబట్టి అంకె చూడగానే అనుమానం రావాలి. ఇలాంటి చవక మీటర్లలో ఓల్టు రీడింగు అర శాతం, మిల్లీ ఆంపియర్ రీడింగు ఒక శాతం దాకా తేడా ఉండవచ్చు. వరుసల మధ్య తేడా ఒకటి రెండు శాతం లోపు ఉంటే నియమం నిలబడినట్టే. అంతకు మించితే ఎక్కడో లూజు ఉంది.

గ్రాఫులో నాలుగు బిందువులతో గీసిన గీత బలహీనం. రెండో 330 ఓమ్‌ల నిరోధకం కొనమన్నది అందుకే. దాన్ని మొదటిదానితో శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని వెంట ఒకటిగా కలిపి, ఓల్టుమీటరును మాత్రం మొదటిదాని మీదే ఉంచి, మళ్ళీ ఒకటి నుంచి నాలుగు సెల్‌ల దాకా పొండి. ఒక సెల్‌కు 0.78 ఓల్టులు, 2.36 మిల్లీ ఆంపియర్లు, మూడు సెల్‌లకు 2.33 ఓల్టులు, 7.07 మిల్లీ ఆంపియర్లు ఇలా మధ్య విలువలు వస్తాయి. మొత్తం ఎనిమిది బిందువులు. ఎక్కేటప్పుడు తీసిన రీడింగులను దిగేటప్పుడు కూడా తీయండి. రెండుసార్లూ భాగఫలం కలిస్తే వేడి వల్ల ఏమీ మారలేదని తేలుతుంది.

ఒకే మల్టీమీటరు ఉంటే

చేయవచ్చు, కానీ ఒక మెలిక ఉంది. మీటరును ఓల్టుల కోసం తీసినప్పుడు దారిలో ఖాళీ వస్తుంది, దాన్ని వైరుతో మూస్తాం. అప్పుడు ఆ 10 ఓమ్‌లు దారిలో లేవు, ఓల్టేజి కాస్త పెరుగుతుంది. కరెంటు కొలిచినప్పుడు మాత్రం ఆ 10 ఓమ్‌లు ఉన్నాయి. రెండు వేర్వేరు పరిస్థితుల్లో తీసిన అంకెలను భాగిస్తే 330 బదులు 340 వస్తుంది. మూడు శాతం తప్పు, అదీ ప్రతి వరుసలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి గీత చక్కగా వచ్చి మిమ్మల్ని నమ్మిస్తుంది. దీనికి విరుగుడు 200 మిల్లీ ఆంపియర్ల స్థానం. అక్కడ లోపలి నిరోధం సుమారు ఒక ఓమే. కాకపోతే రీడింగు 0.1 మిల్లీ ఆంపియర్ మెట్లలో వస్తుంది, మొదటి వరుసలో ఆ ఒక్క మెట్టే రెండు శాతం. అయినా ఇదే మేలు. పై వరుసలు కచ్చితంగా వస్తాయి, గీతకు దిక్కు చూపేది అవే.

ఒకే మీటరుతో పెద్ద ప్రమాదం వేరే ఉంది. కరెంటు కొలిచి, మీటను తిప్పడం మరచిపోయి, అదే వైర్లను సెల్‌ల రెండు కొసలకూ తాకించడం. మీటరు అప్పుడు దాదాపు తీగ ముక్కే, లోపలి గాజు ఫ్యూజు టప్పున పోతుంది. మీటరు ఓల్టులు చక్కగా చూపుతూ, మిల్లీ ఆంపియర్లు మాత్రం ఎప్పుడూ 0.00 చూపిస్తే ఫ్యూజు పోయినట్టే. వెనక స్క్రూలు విప్పితే ఫ్యూజు కనిపిస్తుంది. దానిమీద రాసిన విలువనే, 250 గానీ 500 గానీ మిల్లీ ఆంపియర్లది తెచ్చి వేయండి. వెండి కాగితం చుట్టి సరిపెట్టకండి.

గ్రాఫు

అడ్డంగా ఓల్టేజి, నిలువుగా కరెంటు. అడ్డంలో 1 సెంటీమీటరుకు 0.5 ఓల్టు, నిలువులో 1 సెంటీమీటరుకు 1 మిల్లీ ఆంపియర్ తీసుకుంటే కాగితం నిండుగా వాడుకున్నట్టు అవుతుంది. మూలన చిన్న గీత గీస్తే తప్పులన్నీ అందులో దాక్కుంటాయి.

బిందువులను ఒకదానితో ఒకటి కలుపుతూ పోవద్దు. పారదర్శకమైన స్కేలు పెట్టి, బిందువులు గీతకు అటూఇటూ సమంగా పడేలా ఒకే సరళరేఖ గీయండి. సున్నా గుండా పోవాలని బలవంతం చేయకండి. తనంతట తాను సున్నా దగ్గరికి వచ్చిందా లేదా అన్నదే మీరు తెలుసుకోవలసింది. గీత తిన్నగానే ఉండి సున్నాకు పక్కన పోతే, ఒక మీటరు మొదట్నుంచీ కొంత ఎక్కువో తక్కువో చూపుతోంది. గీతే వంగితే నిరోధం మారుతోంది. ఈ రెండు జబ్బులూ వేరు.

వాలు కోసం గీత మీద దూరంగా ఉన్న రెండు చోట్లు ఎంచుకోండి. పై అంకెల్లో కరెంటు తేడా 13.88 మిల్లీ ఆంపియర్లు, ఓల్టేజి తేడా 4.58 ఓల్టులు, భాగిస్తే ఓల్టుకు 3.03 మిల్లీ ఆంపియర్లు. ఇది నిరోధం కాదు, దాని విలోమం. తిరగేస్తే 330 ఓమ్‌లు. అక్షాలు తారుమారు చేసి గీసినవాళ్ళకు వాలే నేరుగా నిరోధం. ఏ అక్షం మీద ఏది వేశారో చూసుకోకుండా వాలు రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ.

బడి ల్యాబులో: నైక్రోమ్ తీగ, ముల్లు మీటర్లు

ల్యాబులో 330 ఓమ్‌లు పనికిరావు. కారణం ముల్లు ఓల్టుమీటరు. 3 ఓల్టుల వరకు చూపే ఓల్టుమీటరు పూర్తి స్కేలుకు 1 మిల్లీ ఆంపియర్ తాగుతుందనుకోండి, దాని నిరోధం 3000 ఓమ్‌లు. 3 ఓల్టుల దగ్గర 330 ఓమ్‌ల నిరోధకం 9.1 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే అమ్మీటరు 10.1 చూపుతుంది, లెక్కలో 297 ఓమ్‌లు వస్తుంది. పది శాతం పోయింది. అదే 5 ఓమ్‌ల తీగ అయితే ఆ తేడా 0.2 శాతం కూడా ఉండదు. ల్యాబులో తీగ, ఇంట్లో డిజిటల్ మీటరుతో నిరోధకం అన్న ఏర్పాటు వెనక ఉన్నది ఇదే.

నైక్రోమ్ అంటే నికెల్, క్రోమియం కలిసిన లోహం, గేజి అంటే తీగ మందాన్ని చెప్పే నంబరు. 28 గేజి నైక్రోమ్ తీగ 0.376 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, మీటరు పొడవుకు దాదాపు 10 ఓమ్‌లు. 56 సెంటీమీటర్లు కత్తిరించి, రెండు కొసలా 3 సెంటీమీటర్ల చొప్పున స్క్రూలకు చుట్టడానికి వదిలితే 50 సెంటీమీటర్లు, అంటే సుమారు 5 ఓమ్‌లు మిగులుతాయి. గేజి తెలియకపోతే పెన్సిలు మీద 20 చుట్లు ఒకదానికొకటి ఆనేలా చుట్టి స్కేలుతో కొలవండి. ఏడున్నర మిల్లీమీటర్లు వస్తే 28 గేజి, 9 వస్తే 26 గేజి. 26 అయితే 5 ఓమ్‌లకు 75 సెంటీమీటర్లు కావాలి.

తీగ దొరకని పల్లె బడుల్లో కరెంటు పొయ్యి కాయిల్ చాలు. 230 ఓల్టుల 1000 వాట్ల కాయిల్ మొత్తం సుమారు 53 ఓమ్‌లు. చుట్లు లెక్కపెట్టి పదో వంతు కత్తిరించండి. చుట్లు ఒకదానికొకటి తగలకుండా లాగి సాగదీయాలి. తగిలిన చోట కరెంటు అడ్డదారి పడుతుంది, కదిపినప్పుడల్లా రీడింగు మారుతుంది. వాడిన కాయిల్ మీద నల్లటి పొర కరెంటును సరిగా పోనివ్వదు, స్క్రూ కింద పడే భాగాన్ని ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. నైక్రోమ్‌కు మామూలు సోల్డరు పట్టదు, ప్రయత్నించి సమయం పోగొట్టుకోవద్దు. స్క్రూ కనెక్టరే గతి.

రియోస్టాట్ (మీట జరిపి నిరోధాన్ని పెంచి తగ్గించే పరికరం) కనీసం 30 ఓమ్‌లది, ఒక ఆంపియర్ తట్టుకునేది ఉండాలి. కింది రెండు స్క్రూలలో ఒకటి, పైది ఒకటి వాడాలి. కింది రెండూ వాడితే మీట ఎటు జరిపినా రీడింగు కదలదు. మొదలుపెట్టేముందు మీటను నిరోధం పూర్తిగా ఉండే వైపు ఉంచండి. బ్యాటరీ ఎలిమినేటరును (సెల్‌ల బదులు లైను కరెంటు నుంచి తక్కువ ఓల్టుల డీసీ ఇచ్చే ల్యాబు పెట్టె) 3 ఓల్టుల దగ్గర పెట్టండి.

ఇక్కడ ఒక చిట్కా. ఓల్టుమీటరును గీత మీదికి తేవడానికి ప్రయత్నించకండి. రియోస్టాట్ జరుపుతూ అమ్మీటరు ముల్లును సరిగ్గా 100, 150, 200 ఇలా 400 మిల్లీ ఆంపియర్ల దాకా నిలిపి, ఓల్టుమీటరును అర గీత వరకు అంచనా వేసి చదవండి. 5 ఓమ్‌లకు 0.5, 0.75, 1.0 ఇలా 2.0 ఓల్టుల దాకా రావాలి. ముల్లుకు నేరుగా పైనుంచి ఒక కన్నుతో చూడండి. స్కేలు కింద అద్దం పట్టీ ఉంటే ముల్లు అద్దంలోని తన ప్రతిబింబాన్ని కప్పేసేలా చూడటమే సరైన చూపు. కరెంటు లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో ముందే చూసి, లేకపోతే మధ్యలోని చిన్న స్క్రూతో సరిచేయండి.

ఓల్టుమీటరులో ఒక గీత 0.1 ఓల్టు అయితే, అర గీత పొరపాటు 0.5 దగ్గర పది శాతం, 2.0 దగ్గర రెండున్నర శాతం. కాబట్టి అన్ని వరుసల భాగఫలాలనూ సగటు తీయడం న్యాయం కాదు, బలహీనమైన మొదటి వరుసకు కూడా చివరి వరుసతో సమానమైన ఓటు ఇచ్చినట్టవుతుంది. గ్రాఫు వాలునే నమ్మండి.

ఎక్కడ తప్పుతుంది

ఎలిమినేటరు మీద ఉన్న అంకె నమ్మదగింది కాదు. చవకవాటిలో ఓల్టేజిని నిలబెట్టే ఏర్పాటు ఉండదు, 2 దగ్గర పెడితే 3 చూపవచ్చు. పాకాల, పూతలపట్టు పక్క పల్లెల్లో మోటార్లకు త్రీఫేజు వచ్చిన వేళ బోర్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే లైను ఓల్టేజి పడుతుంది, ఎలిమినేటరుదీ పడుతుంది. రెండు మీటర్లనూ ఒకే క్షణంలో చదివితే నష్టం లేదు, రెండూ కలిసే పడతాయి. ఒకటి చదివి, మాట్లాడి, రెండోది చదివితే బిందువు గీతకు దూరంగా పోతుంది.

సెల్‌లు వాడితే అవి అలసిపోతాయి, ముఖ్యంగా గోడ గడియారాల్లో వేసే చవక జింకు కార్బన్ సెల్‌లు. వాటినుంచి 400 మిల్లీ ఆంపియర్లు లాగితే ఓల్టేజి కళ్ళముందే జారిపోతుంది. ఈ బెడద జార్జ్ సైమన్ ఓమ్‌కే తగిలింది. 1825లో ఆనాటి సెల్‌లతో తీసిన కొలతలు నిలకడగా రాక, 1826లో రాగి, బిస్మత్ లోహాల అతుకులను ఒకటి మరిగే నీళ్ళలో, ఒకటి మంచులో ఉంచి పుట్టించిన నిలకడైన ఓల్టేజిని వాడాడు. అప్పుడే లెక్క కుదిరింది, 1827లో పుస్తకంగా వచ్చింది. మనం స్విచ్ వేసి రెండు సెకన్లలో చదివి ఆపేయడం ఆ సమస్యకే చిన్న పరిష్కారం.

రీడింగు గెంతుతుంటే క్లిప్పులు చూడండి. తర్వాత రియోస్టాట్ మీట కింది తుప్పు. మల్టీమీటరు అన్నీ ఎక్కువగా చూపుతూ, తెర మూలన బ్యాటరీ గుర్తు వెలిగితే దానిలోని 9 ఓల్టుల బ్యాటరీ అయిపోయింది, ఆ రోజు తీసిన రీడింగులన్నీ కొట్టేయాలి.

నైక్రోమ్ బదులు రాగి తీగ ఎందుకు వద్దంటే, ఒకటి, నిరోధం మరీ తక్కువ. రెండు, రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో కొలిచిన రాగి చుట్టను తిరుపతి మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కొలిస్తే ఆరు శాతం తేడా వస్తుంది. నైక్రోమ్‌కు ఆ తేడా అర శాతం కూడా ఉండదు.

లొంగనివాటితో అదే ప్రయోగం

330 ఓమ్‌ల నిరోధకాన్ని తీయకుండా, దానితో శ్రేణిలో ఎర్ర ఎల్ఈడీ పెట్టండి, పొడుగు కాలు ధనధ్రువం వైపు. ఓల్టుమీటరును ఇప్పుడు ఎల్ఈడీ కాళ్ళకు మార్చండి. ఒక సెల్‌కు కరెంటు 0.00 దగ్గరే ఉంటుంది. రెండు సెల్‌లకు ఎల్ఈడీ మీద 1.8 ఓల్టులు, 4 మిల్లీ ఆంపియర్లు. నాలుగు సెల్‌లకు 1.95 ఓల్టులు, దాదాపు 13 మిల్లీ ఆంపియర్లు. ఓల్టేజి కొద్దిగా కదిలితే కరెంటు మూడు రెట్లయింది. భాగఫలం 450 నుంచి 150కి పడింది. తిరగేసి పెడితే అసలు పారదు. నిరోధకం లేకుండా ఎల్ఈడీని నేరుగా సెల్‌లకు కలిపితే కాలిపోతుంది.

బైకు బల్బుకు నిరోధకం తీసేయండి, ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి మీటను కూడా అక్కడికే తిప్పండి. 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఉంచితే ఫ్యూజు పోతుంది. చాలా చవక మీటర్లలో ఈ 10 ఆంపియర్ల దారికి ఫ్యూజే ఉండదు కాబట్టి పని అవగానే వైరును పాత చోటికి మార్చండి. చల్లటి బల్బు నిరోధాన్ని మీటరుతో నేరుగా కొలిస్తే ఒకటి రెండు ఓమ్‌లే చూపుతుంది, 12 ఓల్టుల దగ్గర మాత్రం లెక్క ప్రకారం 14.4 ఓమ్‌లు ఉండాలి. ఒక సెల్ నుంచి నాలుగు సెల్‌లకు పోతే ఓల్టేజి దాదాపు నాలుగు రెట్లవుతుంది, కరెంటు మాత్రం సుమారు రెండు రెట్లే అవుతుంది. గ్రాఫు మీద గీత పైకి లేస్తూ పక్కకు వాలిపోతుంది. బల్బులోని టంగ్‌స్టన్ తీగ కూడా లోహమే, ఉష్ణోగ్రత మారకపోతే నియమానికి లొంగేదే. ఇక్కడ ఉష్ణోగ్రత వందల డిగ్రీలు మారింది, అంతే. 330 ఓమ్‌ల గీతను, ఎల్ఈడీ గీతను, బల్బు గీతను పక్కపక్కన పెట్టినప్పుడు మొదటిదాని తిన్నదనం విలువ తెలుస్తుంది.

పొలం ఉన్న ఇంటి పిల్లలు ఈ దశలో ఒక మంచి ప్రశ్న అడుగుతారు. ఓల్టేజి తగ్గితే కరెంటు తగ్గాలి కదా, మరి లో ఓల్టేజికి బోరు మోటారు ఎందుకు కాలిపోతుంది? మోటారును నిరోధకంగా చూడటం వల్ల వచ్చే సందేహం ఇది. తిరిగే మోటారు తనలో తానే ఎదురు ఓల్టేజిని పుట్టిస్తుంది, అదే కరెంటును అదుపులో ఉంచుతుంది. లోతైన బోరులో నీటిని పైకి నెట్టే బరువు, లైను ఓల్టేజి తగ్గినా తగ్గదు. మోటారు వేగం పడి, ఎదురు ఓల్టేజి బలహీనపడి, లైను నుంచి కరెంటు ఎక్కువ లాగుతుంది. అసలు ఎత్తుకోలేక నిలిచిపోతే మామూలుకన్నా కొన్ని రెట్లు లాగి వైండింగ్ కాలుతుంది. ఆ ఆగిన మోటారు వైండింగ్‌లో ఒక చుట్టను విప్పి, చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలకూ ఇదే నాలుగు సెల్‌ల ప్రయోగం చేస్తే, మళ్ళీ తిన్నటి గీతే వస్తుంది. దానికి మాత్రం 330 ఓమ్‌ల నిరోధకాన్ని శ్రేణిలో ఉంచి, ఓల్టుమీటరును 200 మిల్లీ ఓల్టుల స్థానానికి మార్చాలి.